అమెరికా కుటుంబ వీసా ఇంటర్వ్యూ: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వెళ్లేవారు ఎలా సిద్ధం కావాలి

అమెరికాలో ఉన్న కొడుకో కూతురో, భర్తో భార్యో, అన్నో అక్కో మీ కోసం వేసిన ఐ-130 పిటిషన్ (మీతో బంధుత్వం చూపే దరఖాస్తు) ఆమోదం పొంది, అమెరికాలోని పోర్ట్‌స్మౌత్‌లో ఉన్న నేషనల్ వీసా సెంటర్‌కు మీ ఫైలు చేరిన రోజు నుంచే ఇంటర్వ్యూకు సిద్ధం కావడం మొదలుపెట్టాలి. మన జిల్లాల్లో చాలా కుటుంబాలు తేదీ చేతికి వచ్చాకే కాగితాలు తీసి చూసుకుంటాయి. అప్పటికి పేరులో ఒక అక్షరం దిద్దించుకోవడానికి కూడా వ్యవధి ఉండదు. ఇంటర్వ్యూ అనగానే ఇంగ్లీషులో ఏం అడుగుతారో, ఎలా జవాబు చెప్పాలో అని భయపడతారు గానీ, ఇబ్బంది పడిన కుటుంబాల్లో ఎక్కువ మంది మాట రాక ఇబ్బంది పడినవారు కారు. ఒక కాగితం చెప్పిన దానిని మరో కాగితం కాదన్నందువల్ల ఆగిపోయినవారు. అందుకే ఇక్కడ కాగితాల గురించే ఎక్కువ చెబుతున్నాను.

ముందుగా రెండు సంగతులు తెలుసుకోండి. మన దేశంలో ఈ వలస వీసాల ఇంటర్వ్యూలు ప్రధానంగా ముంబైలోని బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో ఉన్న అమెరికా కాన్సులేట్‌లో జరుగుతాయి. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ సందర్శకులు, విద్యార్థులు, తాత్కాలిక ఉద్యోగుల వీసాలను చూస్తుంది కాబట్టి, దగ్గరగా ఉందని అక్కడికి మార్పించుకునే ప్రయత్నం చేయకండి. రెండోది, అమెరికా పౌరులైన పిల్లలు తల్లిదండ్రుల కోసం వేసే పిటిషన్‌లో తల్లికి వేరుగా, తండ్రికి వేరుగా వేయాలి. అందులో మీతోపాటు ఇంట్లో ఉన్న చిన్న కొడుకును చేర్చడానికి వీలుండదు. గ్రీన్ కార్డు మాత్రమే ఉన్నవారు తల్లిదండ్రులకు, తోబుట్టువులకు పిటిషన్ వేయలేరు. తోబుట్టువుల కోటాలోనైతే మన దేశానికి నిరీక్షణ పదిహేనేళ్లు దాటుతోంది కనుక, ప్రతి నెలా వెలువడే వీసా బులెటిన్‌లో మీ ప్రయారిటీ తేదీ (పిటిషన్ దాఖలైన తేదీ) ఎంత దూరంలో ఉందో చూసుకుంటూ ఉండాలి.

పేరు, ఊరు, పుట్టిన తేదీ

ఒక సాయంత్రం తీరిగ్గా కూర్చుని, పిటిషన్ వేసిన బిడ్డ జనన ధ్రువపత్రం, పదో తరగతి సర్టిఫికెట్, మీ పాస్‌పోర్టులు, వివాహ ధ్రువపత్రం, ఆధార్, ఐ-130 నకలు ఒకచోట పరచుకోండి. తెల్లకాగితం మీద గీతలు గీసి, ప్రతి పత్రంలో ఎవరి పేరు ఏ అక్షరాలతో ఉందో ఉన్నది ఉన్నట్టు రాయండి. పైడిరాజు అన్న పేరే తీసుకోండి. పంచాయతీ రికార్డులో అది ఇంగ్లీషు వై అక్షరంతో ఉంటుంది, బడి రికార్డులో ఏ, ఐ అక్షరాలతో ఉంటుంది, పాస్‌పోర్టులో పైడి ఒక ముక్కగా, రాజు మరో ముక్కగా ఉంటుంది. తల్లి పేరు పాస్‌పోర్టులో మహాలక్ష్మి, కొడుకు జనన పత్రంలో లక్ష్మి. పెళ్లికి ముందు పుట్టింటి ఇంటిపేరుతో ఉన్న సర్టిఫికెట్లు, తర్వాత అత్తింటి ఇంటిపేరుతో తీసుకున్న పాస్‌పోర్టు. ఇవన్నీ మనకు మామూలు విషయాలే అయినా, తల్లిదండ్రుల కేసులో బంధుత్వానికి మొదటి రుజువు ఆ బిడ్డ జనన పత్రమే కనుక, అందులోని తల్లిదండ్రుల పేర్లు మీ పాస్‌పోర్టుల్లోని పేర్లతో కలవడం అన్నిటికంటే ముఖ్యం.

దిద్దగలిగిన తప్పును దిద్దించుకోవడమే మేలు. జనన పత్రంలో తప్పుంటే అది నమోదైన గ్రామ పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో దరఖాస్తు పెట్టండి. పాస్‌పోర్టులో తప్పుంటే విశాఖపట్నం ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం పరిధిలో కొత్తది తీసుకోండి. దిద్దడానికి వీలుకాని పాత పత్రాలకు మాత్రం ఈ రెండు పేర్లూ ఒకే మనిషివి అని నోటరీ ముందు అఫిడవిట్ రాయించి, దానికి ఆధారంగా పాత రేషన్ కార్డో, భూమి పత్రమో, ఉద్యోగ రికార్డో జతచేయండి. ఒట్టి అఫిడవిట్ ఒక్కటే తీసుకెళ్లి సరిపోతుందని అనుకోవద్దు.

పుట్టిన చోటు విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడ్డాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మళ్లీ మారాయి. బొబ్బిలిలో 1965లో పుట్టినవారికి పాత పత్రంలో శ్రీకాకుళం జిల్లా అని, తర్వాతి పత్రాల్లో విజయనగరం జిల్లా అని ఉండవచ్చు. పాలకొండలో పుట్టినవారికి నిన్నటిదాకా శ్రీకాకుళం, ఇప్పుడు పార్వతీపురం మన్యం. రాజాంవారికి నిన్నటిదాకా శ్రీకాకుళం, ఇప్పుడు విజయనగరం. ఇది తప్పు కాదు, జిల్లా హద్దులు మారినందువల్ల వచ్చిన తేడా. వలస వీసాకు ఆన్‌లైన్‌లో నింపే డీఎస్-260 ఫారంలో పాస్‌పోర్టులో ఉన్నట్టే ఊరి పేరు రాయండి. అధికారి అడిగితే జిల్లాల విభజన సంవత్సరం చెప్పి రెండు మాటల్లో వివరించండి. ఊరు మాత్రం అన్ని పత్రాల్లో ఒకటే ఉండాలి. పురుడు అమ్మమ్మగారి ఊళ్లో పోసుకుని, బడిలో చేర్చినప్పుడు తండ్రి ఊరు రాయించిన సందర్భాలు మన దగ్గర ఎక్కువ కాబట్టి, ఈ ఒక్కటీ మరోసారి సరిచూడండి.

జనన మరణాల నమోదు చట్టం 1970 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు పల్లెల్లో, మంత్రసాని చేతిలో పుట్టిన చాలామందికి నమోదే లేదు. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన జూలై 1 తేదీయే వారి పుట్టిన తేదీ అయిపోయింది. ఇలాంటివారు పంచాయతీ నుంచో మునిసిపాలిటీ నుంచో నమోదు లభ్యం కాదన్న ధ్రువపత్రం తీసుకుని, దానితోపాటు పుట్టుక గురించి స్వయంగా తెలిసిన పెద్దవారు, అంటే తల్లిదండ్రులు గానీ మేనత్తో పెదనాన్నో గానీ, ఇచ్చిన అఫిడవిట్లు, బడి రికార్డు జతచేయాలి. ఆర్డీవో అనుమతితో ఆలస్య నమోదు చేయించుకోవడం చట్టబద్ధమే. అయితే పోయిన నెల తేదీతో వచ్చిన కొత్త జనన పత్రాన్ని ఒక్కదాన్నే చూపిస్తే అధికారికి అనుమానం రావడం సహజం. దాని పక్కన పాత పదో తరగతి సర్టిఫికెట్, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, చిన్నప్పటి కుటుంబ ఫొటో ఉంటే ఆ కొత్త పత్రానికి బలం వస్తుంది. కాన్సులేట్ డీఎన్‌ఏ పరీక్ష సూచిస్తే వారు చెప్పిన పద్ధతిలోనే చేయించాలి. ముందుగా మీ అంతట మీరు ఊళ్లో ల్యాబ్‌లో చేయించుకున్నది చెల్లదు.

తండ్రి కోసం వేసిన కేసులో తల్లిదండ్రుల వివాహ ధ్రువపత్రం కూడా తప్పనిసరి. పెళ్లి ఎన్ని దశాబ్దాల క్రితం జరిగినా, హిందూ వివాహ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఇప్పుడు నమోదు చేయించుకోవచ్చు. మొదటి పెళ్లి విడిపోయి రెండో పెళ్లి చేసుకున్నవారు మాత్రం ఊరి పెద్దల సమక్షంలో రాసుకున్న విడాకుల కాగితాన్నే నమ్ముకుని ముంబై వెళ్లకండి. కోర్టు డిక్రీ లేకపోతే ముందుగా న్యాయవాదిని కలవండి. మేనమామను పెళ్లాడిన అమ్మాయిలు భార్యాభర్తల వీసాకు వెళ్తున్నట్లయితే అదీ న్యాయవాదితో మాట్లాడవలసిన విషయమే. మన ఆచారంలో, మన చట్టంలో చెల్లే ఆ పెళ్లిని అమెరికాలో దాదాపు ఏ రాష్ట్రమూ ఒప్పుకోదు; మేనత్త, మేనమామ పిల్లల మధ్య జరిగిన పెళ్లి విషయంలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో చట్టం. ఈ సంగతి ఇంటర్వ్యూ కౌంటర్ దగ్గర తెలుసుకోవడం కంటే పిటిషన్ వేయకముందే తెలుసుకోవడం ఎంతో నయం.

తెలుగులో ఉన్న ప్రతి పత్రానికీ ఇంగ్లీషు అనువాదం ఉండాలి. అనువదించినవారు తమకు రెండు భాషలూ వచ్చని, అనువాదం సరిగా ఉందని కింద రాసి సంతకం చేయాలి.

పోలీసు ధ్రువపత్రం, గల్ఫ్‌లో ఉన్న కాలం

పదహారేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ కావాలి. దానిని పాస్‌పోర్టు సేవా వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసి తీసుకోవచ్చు. 2022 సెప్టెంబరు నుంచి తపాలా కార్యాలయాల్లోని పాస్‌పోర్టు సేవా కేంద్రాల్లో కూడా దీనికి అవకాశం ఇచ్చారు. పాత సర్టిఫికెట్ తీసుకుని రెండేళ్లు దాటితే మళ్లీ తీసుకోవాలి.

కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస వైపు నుంచి కువైట్, సౌదీ, ఖతర్, దుబాయ్ వెళ్లి పని చేసి వచ్చిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. పదహారేళ్లు దాటాక ఏ దేశంలోనైనా ఏడాది, అంతకంటే ఎక్కువ కాలం ఉంటే ఆ దేశపు పోలీసు ధ్రువపత్రం కూడా అడుగుతారు. ఇరవై ఏళ్ల క్రితం చేసిన వెల్డింగ్ పని ఇప్పుడెందుకు అని వదిలేయకండి. వేలిముద్రలు తీసి, రాయబార కార్యాలయం ద్వారా పంపి తెప్పించడానికి నెలలు పడుతుంది కనుక అన్నిటికంటే ముందు మొదలుపెట్టవలసిన పని ఇదే. ఆ దేశం ఏ పద్ధతిలో ఇస్తుందో అమెరికా విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో దేశాల వారీగా ఉంటుంది. అకామా (అక్కడి నివాస అనుమతి) గడువు దాటి ఉండిపోయి జరిమానా కట్టి తిరిగి వచ్చినవారు, అక్కడి నుంచి పంపించివేయబడినవారు ఆ సంగతి ఫారంలో దాచకుండా రాయాలి. అలాంటి ఘటన ఒక్కటే కారణంగా కేసు పోతుందని అనుకోనక్కరలేదు. దాన్ని దాచి అబద్ధం చెప్పినట్టు తేలితే మాత్రం శాశ్వత నిషేధం వరకూ వెళ్తుంది.

ఆర్థిక పూచీ

మీ పోషణకు పూచీ ఇచ్చే ఐ-864 పత్రం అమెరికాలో ఉన్నవారు నింపాలి. వారి ఆదాయం ఇంటి సభ్యుల సంఖ్యను బట్టి నిర్ణయించిన దారిద్య్ర రేఖకు 125 శాతం ఉండాలి, ఆ సంఖ్యలో మీరూ లెక్కకు వస్తారు. ఆదాయం చాలకపోతే మరొకరు సహ స్పాన్సర్‌గా రావచ్చు. అప్పుడు కూడా పిటిషన్ వేసిన మనిషి తన ఐ-864 వేయవలసిందే. తాజా పన్ను పత్రాలు, ఉద్యోగ లేఖ ఇంటర్వ్యూకు పది రోజుల ముందు మరోసారి పంపమని మీ అబ్బాయికో అమ్మాయికో చెప్పండి, ఎందుకంటే ఫైలు వేసినప్పటి ఉద్యోగం ఇప్పుడు మారి ఉండవచ్చు. ఇక వీసా రుసుము మనిషికి 325 డాలర్లు, ఈ పూచీ పత్రం పరిశీలనకు 120 డాలర్లు. వీటిని నేషనల్ వీసా సెంటర్ దశలోనే ఆన్‌లైన్‌లో కడతారు. ఇంటర్వ్యూలో పాస్ చేయిస్తామని లక్షల్లో అడిగే మధ్యవర్తి చేతిలో పెట్టవలసిన డబ్బు ఏదీ లేదు. అధికారి నిర్ణయం మీద వారికి ఏ పట్టూ ఉండదు.

వైద్య పరీక్ష

ఇది కాన్సులేట్ గుర్తించిన వైద్యుల దగ్గరే చేయించాలి. హైదరాబాద్‌లోనూ అలాంటి కేంద్రం ఉంది కనుక, పెద్దవారిని అక్కడ పరీక్ష చేయించి ఆ తర్వాత ముంబై తీసుకెళ్లడం సుఖం. ఛాతీ ఎక్స్‌రే, రక్త పరీక్ష, వయసును బట్టి టీకాలు ఉంటాయి. ఎప్పుడో క్షయకు మందులు వాడినవారు పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలు, కోర్సు పూర్తయిన కాగితం వెతికి తీసుకెళ్లండి. ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే కఫం కల్చర్‌కు పంపుతారు, ఫలితం రావడానికి రెండు నెలల దాకా పడుతుంది. అందుకని ఇంటర్వ్యూకు మూడు రోజుల ముందు పరీక్షకు వెళ్లడం తెలివైన పని కాదు. ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల జబ్బుతో ఉన్న పెద్దలు ఎందరో ఉన్నారు. అది అంటువ్యాధి కాదు కాబట్టి అంటురోగాలకు ఉండే నిషేధం దానికి వర్తించదు. అయితే వైద్య ఖర్చు ఎవరు భరిస్తారన్న ప్రశ్న తప్పక రావచ్చు. చికిత్స రికార్డులతోపాటు, అక్కడ తీసుకోబోయే బీమా గురించి, ఖర్చు గురించి మీ పిల్లలు రాసిన స్పష్టమైన లేఖ, దానికి తగ్గ ఆధారాలు దగ్గర ఉంచుకోండి.

వేలిముద్రలు, ప్రయాణం

ఇంటర్వ్యూకు ముందు వీసా దరఖాస్తు కేంద్రంలో వేలిముద్రలు, ఫొటో ఇవ్వాలి. పలాసలో జీడిపిక్కలు ఒలిచే చేతులకు, పొలం పని చేసిన చేతులకు ముద్ర అరిగి ఉంటుంది. జీడి నూనె తగిలి తోలు ఊడిన వేళ్లతో యంత్రం ముద్ర పట్టదు. కనీసం రెండు వారాల ముందు ఆ పని మాని, రోజూ రాత్రి చేతులకు కొబ్బరి నూనె రాయండి. ప్రయాణమని, పెళ్లని గోరింటాకు పెట్టుకోవద్దు. వేలికి కోత గానీ బొబ్బ గానీ లేకుండా చూసుకోండి.

పలాస, శ్రీకాకుళం రోడ్, విజయనగరం స్టేషన్లలో ఆగే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ నేరుగా ముంబై వెళ్తుంది, కానీ ప్రయాణం ఒక రోజుకు మించి సాగుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి విశాఖపట్నం నుంచి విమానం నయం. ఏ దారిలో వెళ్లినా కనీసం రెండు రోజుల ముందే చేరుకోండి, అక్టోబరు, నవంబరు నెలల్లోనైతే ఇంకొంచెం ముందుగా. అవి తుపాన్ల నెలలు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ విమానాశ్రయం మూతపడింది, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు రైళ్లు ఆగిపోయాయి.

ఇంటర్వ్యూ రోజు

ఇంటర్వ్యూ లేఖ, ప్రయాణ తేదీ తర్వాత కనీసం ఆరు నెలలు చెల్లే పాస్‌పోర్టు, డీఎస్-260 నిర్ధారణ పేజీ, తెల్ల నేపథ్యంతో రెండంగుళాల ఫొటోలు రెండు, నేషనల్ వీసా సెంటర్‌కు పంపిన ప్రతి పత్రం అసలు, దాని నకలు ఒక పారదర్శక కవరులో పెట్టుకోండి. ఫొటోలో కళ్లద్దాలు ఉండకూడదు. సెల్‌ఫోన్, స్మార్ట్ వాచ్, పెద్ద సంచి లోపలికి రానివ్వరు. వాటిని బస చేసిన చోటే వదిలి వెళ్లండి. తోడు వచ్చినవారు బయట ఆగవలసి ఉంటుంది కనుక, ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకుని, వారి ఫోన్ నంబరు చీటీ మీద రాసి జేబులో ఉంచుకోండి.

మొదట ఒక ఉద్యోగి కాగితాలు సరిచూస్తారు. తెలుగులో మాట్లాడాలని ఉందని అపాయింట్‌మెంట్ సమయంలోనూ, ఇక్కడా స్పష్టంగా చెప్పండి. సగం వచ్చిన ఇంగ్లీషుతో తడబడటం కన్నా తెలుగులో నిదానంగా చెప్పడం మంచిది. తెలుగు అనువాదకులకు మన ఉత్తరాంధ్ర మాట కొత్తగా తోచవచ్చు. "మా గుంటడు" అనకుండా "మా అబ్బాయి" అనండి, ఒక్కో వాక్యం పూర్తి చేసి ఆగండి. ఆ తర్వాత అధికారి కుడి చెయ్యెత్తించి ప్రమాణం చేయిస్తారు.

ఇక్కడ ఎక్కువ మంది తడబడేది వరసల దగ్గర. పెదనాన్న కొడుకునూ పిన్ని కొడుకునూ మనం అన్నయ్య, తమ్ముడు అనే పిలుస్తాం. "మీకు తోబుట్టువులు ఎందరు" అంటే మీ తల్లికో తండ్రికో పుట్టినవారినే లెక్క చెప్పాలి. కాగితాల్లో ముగ్గురుండి ఇక్కడ ఐదుగురంటే, ఆ తేడాను విప్పడానికే సమయం అంతా పోతుంది. పిల్లల గురించి అడిగితే చనిపోయినవారిని, దత్తత ఇచ్చినవారిని, మొదటి పెళ్లి పిల్లలను కూడా చెప్పాలి. పెళ్లి తేదీ, అల్లుడి ఉద్యోగం, కొడుకు ఉండే ఊరు, ఇంట్లో ఎవరెవరుంటారు, అక్కడికి ఎప్పుడు వెళ్లారు అన్న మామూలు ప్రశ్నలే ఎక్కువ. భార్యాభర్తల కేసుల్లో సంబంధం ఎవరు చూశారు, పెళ్లి ఎక్కడ జరిగింది, ఎవరు వచ్చారు అని అడుగుతారు. పెద్దలు కుదిర్చిన పెళ్లి వారికి కొత్త కాదు. పెళ్లి మంటపంలో ఇరువైపుల పెద్దలు కనిపించే ఫొటోలు కొన్ని, శుభలేఖ, పెళ్లి తర్వాత కలిసి తిరిగినవి కొన్ని చాలు. పెద్ద ఆల్బమ్ మోసుకెళ్లనక్కరలేదు.

జవాబులు బట్టీ పట్టించడం నాకు ఏమాత్రం నచ్చని పద్ధతి. డెబ్బై ఏళ్ల తల్లికి తేదీలన్నీ కంఠతా పట్టిస్తే, ఒకటి మరిచినప్పుడు ఆమె కంగారుపడి తెలిసినదీ తప్పు చెబుతుంది. దానికి బదులు నింపిన డీఎస్-260ను తెలుగులో ఆమెకు చదివి వినిపించండి, తప్పుంటే అప్పుడే బయటపడుతుంది. గుర్తులేనిదాన్ని "గుర్తులేదండీ" అనమని చెప్పండి. గతంలో సందర్శక వీసా తిరస్కరించి ఉంటే అదీ చెప్పాలి, వారి దగ్గర ఆ రికార్డు ఉంటుంది.

ఆ తర్వాత

అంతా సరిగా ఉంటే పాస్‌పోర్టు అక్కడే ఉంచుకుంటారు. 221(జి) అని రాసిన కాగితం ఇస్తే కేసు కొట్టేశారని బెంగపడకండి. అడిగిన పత్రం ఏదో అందులో రాసి ఉంటుంది. ఏడాదిలోపు అందిస్తే కేసు ముందుకు సాగుతుంది, ఆ గడువు దాటితే మూతపడే ప్రమాదం ఉంది. కొన్నిసార్లు పత్రం ఏదీ అడగకుండా అదనపు పరిశీలన అంటారు, అప్పుడు వేచి ఉండటం తప్ప చేసేది లేదు. వీసా చేతికి వచ్చేదాకా కొబ్బరి తోట అమ్మకానికి బయానా తీసుకోవద్దు, ఉద్యోగానికి రాజీనామా ఇవ్వవద్దు, టికెట్ కొనవద్దు.

పాస్‌పోర్టు రాగానే వీసా మీద పేరు, పుట్టిన తేదీ, వీసా తరగతి అక్షరం అక్షరం చూసుకుని, తప్పుంటే ప్రయాణానికి ముందే కాన్సులేట్‌కు తెలపండి. సీలు వేసిన కవరు ఇస్తే దాన్ని విప్పకండి. అమెరికాలో దిగినప్పుడు అక్కడి అధికారే విప్పాలి. ఎక్స్‌రే సీడీ ఇస్తే చేతి సంచిలో పెట్టుకోండి. వీసా సాధారణంగా వైద్య పరీక్ష తేదీ నుంచి ఆరు నెలల లోపే చెల్లుతుంది, ఆ తేదీలోగా దిగాలి. గ్రీన్ కార్డు తయారీకి 235 డాలర్ల రుసుము ప్రయాణానికి ముందు ఆన్‌లైన్‌లో కట్టించండి. దిగే రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండని దంపతులకు వచ్చేది రెండేళ్ల కార్డే. దాని గడువు ముగిసే ముందు 90 రోజుల వ్యవధిలో, కార్డు మీద ఉన్న షరతు తొలగించమని కోరే ఐ-751 ఫారం వేయాలి కాబట్టి, ఆ తేదీని కార్డు వచ్చిన రోజునే క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి.